గోడ మీది రేడియో

ఆ ఉదయం ఇంట్లో నలుగురున్నారు. చెవులు కాస్త మందగించిన నానమ్మ, గడ్డం గీసుకుంటున్న నాన్న, బట్టలు ఆరేస్తున్న అమ్మ, ఎక్కడ దాక్కోవాలో తోచని పదహారేళ్ల పిల్ల.

పిల్ల భయానికి కారణముంది. ఆరోగ్యకేంద్రం నర్సు ఆమె చేత రేడియోకు నాలుగు మాటలు చెప్పించి రికార్డు చేయించింది. ఎదిగే పిల్లల ఒంట్లో వచ్చే మార్పులు, సుఖవ్యాధులు, తీసుకోవలసిన జాగ్రత్తలు. పేరు చెప్పరులే అంది. గొంతు సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఈ ఉదయం రేడియోలో నానమ్మ వినే పాటలకు ముందు వచ్చేది అదే. నాన్నకు తెలిస్తే బడి మాన్పిస్తాడు.

అందుకే పిల్ల రేడియోలో బ్యాటరీలు తీసి పిండి డబ్బాలో దాచింది.

"ఇది పలకదేంట్రా?" అంది నానమ్మ.

"బ్యాటరీలు అయిపోయుంటాయమ్మా. సాయంత్రం తెస్తాలే," అన్నాడు నాన్న.

"సాయంత్రందాకా నా పాటలు ఆగుతాయా?" అని నానమ్మ పక్కింటి దర్జీని కేకేసింది. "అబ్బాయ్, నీ రేడియో ఈ గోడ మీద పెట్టు. గట్టిగా పెట్టు, నాకు వినపడి చావదు."

దర్జీ పెద్దల మాట కాదనడు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే స్పీకరు కూడా తగిలించాడు.

"తెల్లబట్ట, దురద, మంట ఉంటే సిగ్గుపడి దాచుకోకండి," అంటూ పిల్ల గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నాన్న గడ్డం తెగింది.

"అచ్చం మన పిల్ల గొంతులా ఉందండీ," అంది అమ్మ.

"దానికి ఇంకో ముద్ద పెట్టమని అడగడానికే నోరు రాదు. ఇదెవరో బాగా చదువుకున్న పిల్ల. ఆడపిల్లంటే అలా ధైర్యంగా ఉండాలి."

పిల్లకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కాస్త కోపమూ వచ్చింది. అంతలో నర్సు నవ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎంత బాగా చెప్పావే తల్లీ. వీధంతా నీ గొంతే."

ఇప్పుడే మెచ్చుకున్న నోటితో ఎలా తిట్టాలో నాన్నకు తోచలేదు. గడ్డానికి అంటిన నురగ తుడుచుకుంటూ, "బడికి టైమవట్లా? కానీ," అని పెరట్లోకి నడిచాడు.

పిల్ల ఊపిరి పీల్చుకునేలోగా నానమ్మ నర్సు చెయ్యి పట్టుకుంది. "ఆ మంట సంగతి ఇంకోసారి చెప్పమ్మా. ఏళ్ల తరబడి ఎవరినడగాలో తెలియక చస్తున్నా." అమ్మ కూడా కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వీధిలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలి గదిలోకి చేరారు. పిల్లా వాళ్ల వెనకే వెళ్లబోయింది.

"నువ్వెక్కడికే? ఇవన్నీ చిన్నపిల్లలు వినేవి కాదు," అని అమ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.

చెప్పే వయసు వచ్చింది గానీ, వినే వయసు ఇంకా రాలేదట.