పచ్చి ఓక్ గడప

ఆ బుధవారం ఉదయానికి శ్యామ్‌సుందర్ వేసుకున్న ప్లాన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఐదున్నరకు లేవడం, స్నానం, పూజ, ఆరుంబావుకు ఇడ్లీ, ఏడింటికల్లా కారెక్కడం, తొమ్మిదిన్నరకు నెవార్క్‌లో గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ. పిస్కాటవే నుంచి నెవార్క్ నలభై నిమిషాల దారే. కానీ పద్నాలుగేళ్లు ఎదురు చూసిన మనిషి రెండు గంటలు ముందే వెళ్లి పార్కింగ్‌లో కూర్చుంటానంటే ఎవరు మాత్రం కాదంటారు? ప్లాన్ మొత్తం ఎక్సెల్ షీట్‌లో ఉంది. టైరు పంక్చరైతే ఏం చేయాలో ఒక గడిలో, హైవే మీద యాక్సిడెంట్ జరిగితే ఏ దారిన వెళ్లాలో ఇంకో గడిలో రాసుకున్నాడు. ఇంటి తలుపు తెరుచుకోకపోతే ఏం చేయాలన్నది ఏ గడిలోనూ లేదు.

తలుపు తెరుచుకోలేదు.

"తాళం తీశారా?" అంది విద్య. గద్వాల పట్టుచీర కట్టుకుని, మూడంగుళాల మందం ఫైలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"తీశాను. కింద పట్టేసింది."

"నిన్న కూడా పట్టేసింది కదా. గట్టిగా లాగండి."

శ్యామ్‌సుందర్ రెండు చేతులతో గట్టిగా లాగాడు. హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది. తలుపు మాత్రం అక్కడే ఉంది. దాని కిందున్న ఓక్ గడప నడుం పైకెత్తి తలుపును పట్టుకుంది.

ఆ గడప కథ ఏప్రిల్‌లో మొదలైంది. గాలివానకు పక్క వీధిలో పెద్ద ఓక్ చెట్టు పడిపోతే, దాన్ని నాలుగేసి అడుగుల దుంగలుగా కోయించి రోడ్డు పక్కన పెట్టి, మీద 'ఫ్రీ' అని అట్టముక్క తగిలించారు. రోడ్డు పక్కన పెట్టిన వస్తువును వదిలి ముందుకు పోవడం శ్యామ్‌సుందర్ వల్ల కాదు. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో అతని పరుపు, టీవీ, ఒక కాలు లేని సోఫా, అన్నీ రోడ్డు పక్కన దొరికినవే. ఇప్పుడు నాలుగు బెడ్‌రూముల ఇల్లుంది, పెద్ద కంపెనీలో డేటాబేస్ ఆర్కిటెక్ట్ ఉద్యోగముంది. అయినా 'ఫ్రీ' అన్న అక్షరాలు కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుంది. ఎనిమిది మంది స్నేహితులు, ఒక అద్దె ట్రక్కు, ఒక పూర్తి శనివారం ఖర్చు పెట్టి ఆరు దుంగలు ఇంటికి చేర్చాడు.

"ఇవి ఏం చేసుకుంటాం?" అని అడిగింది విద్య.

"ఓక్, విద్యా. షాపులో దీని రేటు తెలుసా నీకు?"

"రేటు కాదు. ఏం చేసుకుంటాం అని అడుగుతున్నా."

"ఫ్రీగా వచ్చింది," అన్నాడు శ్యామ్‌సుందర్. అతని దృష్టిలో అది పూర్తి సమాధానమే.

అసలు సమాధానం వీరభద్రంగారు చెప్పారు. ఆయన కాలనీలో పెద్దవారు, మందుల కంపెనీలో రిటైరయ్యారు. ఇరవై ఐదేళ్ల కిందట, క్యూలు ఇంత పెరగకముందు, రెండేళ్లలో గ్రీన్‌కార్డ్ సంపాదించుకున్నారు. అప్పటినుంచి మిగతావాళ్లకు ఎందుకు రావడం లేదో వివరించడం ఆయన పని. దుంగల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వీధి గుమ్మం దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు.

"అబ్బాయ్, నీ ఇంటికి గడపేదీ?"

"ఇదేనండీ," అని శ్యామ్‌సుందర్ కిందనున్న అల్యూమినియం పట్టీ చూపించాడు.

"అది గడపా? రేకు. గడప లేని ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా? నీ ఫైలు ఎందుకు కదలట్లేదో ఇప్పుడర్థమైంది నాకు."

డేటాబేస్ ఆర్కిటెక్ట్ ఈ మాటకు నవ్వాడు. పూర్తిగా ఒక రోజంతా నవ్వాడు. మర్నాడు వెళ్లి పెట్రోలు చైన్‌సా ఒకటి, దుంగల్ని పలకలుగా కోయడానికి దానికి తగిలించే ఇనుప చట్రం ఒకటి, నారింజ రంగు హెల్మెట్ ఒకటి కొనుక్కొచ్చాడు. కోయడమెలాగో నేర్పే నలభై నిమిషాల వీడియోను, ఆఫీసు ట్రైనింగ్ వీడియోలు చూసినట్టే, రెట్టింపు వేగంతో చూశాడు. కోత ముప్పయ్యో నిమిషానికి అయిపోయింది కాబట్టి మిగతా పది నిమిషాలు చూడలేదు.

మొదటి పలక ఒక చివర మూడంగుళాలు, రెండో చివర అరంగుళం వచ్చింది. రెండోది కోస్తుంటే రంపం దుంగలో ఇరుక్కుని గంటన్నర బయటికి రాలేదు. మూడు శనివారాలు పెరట్లో అతను తల నుంచి కాలి దాకా రంపంపొట్టు కప్పుకుని తిరిగాడు. ఒళ్లు హూనమైంది కానీ, కీబోర్డు తప్ప ఇంకో పనిముట్టు ఎరగని ఆ చేతులకు జీవితంలో మొదటిసారి ఏదో చేశామన్న గర్వం కలిగింది. చివరికి రెండంగుళాల మందం పలకలు పది, పరవాలేదు అన్నట్టు వచ్చాయి. చెడిపోయినవన్నీ చిన్న చిన్న కట్టెలుగా నరికి, వెనకవైపు అద్దాల తలుపుకు ఆనించి, డెక్ అనే చెక్క అరుగు మీద చూరు దాకా రెండు వరసలు పేర్చాడు.

"వింటర్‌కి వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

"బట్ నాన్నా, మన ఫైర్‌ప్లేస్ గ్యాస్‌ది కదా," అంది కూతురు అదితి. పదమూడేళ్ల పిల్ల. ఇక్కడే పుట్టింది కాబట్టి ఆ ఇంట్లో అమెరికన్ పౌరురాలు ఆమె ఒక్కతే. అందుకే కాబోలు, ఆమె మాటను ఎవరూ పట్టించుకోలేదు.

చెక్కను కాస్త ఆరనిద్దామని విద్య అంది. వీరభద్రంగారు ఒప్పుకోలేదు.

"ఆరనిస్తే ఆషాఢం వచ్చేస్తుందమ్మా. ఆషాఢంలో గడప ఎత్తుతారా ఎవరైనా? సోమవారం పొద్దున తొమ్మిదీ నలభైకి దివ్యమైన ముహూర్తం."

కోసిన తొమ్మిదో రోజున, ఇంకా తడి వాసన వేస్తున్న పలకను రేకు స్థానంలో బిగించారు. విద్య ప్రతి శుక్రవారం దాన్ని బకెట్ నీళ్లతో కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. సరిగ్గా ఎనిమిది రోజులకు ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం వెయ్యి కారణాల వల్ల వచ్చి ఉండొచ్చు. కాలనీకి ఒక్కటే కారణం కనిపించింది. వారం తిరక్కుండా తొమ్మిది ఇళ్లవాళ్లు గడపలు కావాలన్నారు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాళ్లు టేపులు పట్టుకుని వచ్చి గుమ్మం కొలతలిచ్చి వెళ్లారు. ఆషాఢం కాగానే బిగించడానికి శ్యామ్‌సుందర్ మిగిలిన తొమ్మిది పలకల్ని గరాజ్‌లో రోలింగ్ డోర్‌కి ఆనించి నిలబెట్టాడు. వాటి వెనక మిగిలిన దుంగ ముక్కలు కుప్పపోశాడు. కారు బయటికొచ్చింది. ఇంటిల్లిపాదీ వీధి తలుపులోంచే తిరగసాగారు.

ఇలా ఆగస్టు వచ్చేసరికి ఆ ఇంటికున్న మూడు దారులూ ఒకే చెట్టు చేతిలో ఉన్నాయి.

హ్యాండిల్ చేతిలో పట్టుకుని శ్యామ్‌సుందర్ గరాజ్‌లోకి పరుగెత్తి బటన్ నొక్కాడు. రోలింగ్ డోర్ నాలుగంగుళాలు లేచింది. దానికి ఆనించిన పలకలు జారి, ఒకటి పట్టాలో ఇరుక్కుంది. మోటారు కాసేపు మూలిగి ఆగిపోయింది. వెనక్కి పరుగెత్తి డెక్ వైపు అద్దాల తలుపు జరిపాడు. ముందు వరస కట్టెలన్నీ హాల్లో కార్పెట్ మీదికి కూలాయి, వాటితోపాటు అందులో కాపురముంటున్న పురుగులూ వచ్చాయి. వెనక వరస మాత్రం చెక్కు చెదరలేదు.

టైము ఏడూ పది.

"విండో ఉంది కదా," అంది అదితి. "జస్ట్ జంప్ చేద్దాం."

విద్య ఫైలు కింద పెట్టింది. "పద్నాలుగేళ్లు ఈ దేశంలో ఒక్క రూల్ తప్పకుండా ఉన్నాను. ఇవాళ గ్రీన్‌కార్డ్ కోసం కిటికీ దూకి వెళ్లాలా? నేను తలుపులోంచే వెళ్తాను."

ఆ మాటలో న్యాయముందని శ్యామ్‌సుందర్‌కు అనిపించింది. సూటు మీదే హెల్మెట్ పెట్టుకుని, చెవులకు కప్పులు బిగించి, చైన్‌సా స్టార్ట్ చేశాడు.

పెట్రోలు పొగకు అరనిమిషంలో స్మోక్ అలారం మోగింది. రంపం గడపలోకి దిగి, తలుపు కిందనుంచి అవతలికి పొడుచుకొచ్చింది. అదే సమయానికి కుక్కను తిప్పుతూ వెళ్తున్న ఎదురింటి ముసలావిడకు బయటినుంచి కనిపించిందేమిటంటే, మూసి ఉన్న తలుపు, దాని కింద గిర్రున తిరుగుతున్న రంపం పళ్లు, పొగ, అలారం, కిటికీ దగ్గర పట్టుచీర కట్టుకుని చేతులు ఊపుతున్న ఒక స్త్రీ. నిజానికి విద్య చేతులు ఊపుతున్నది పొగను పోగొట్టడానికి. ఆవిడ వెంటనే 911కి ఫోన్ చేసింది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు.

గడప రెండు ముక్కలై తలుపు తెరుచుకునేసరికి వాకిట్లో రెండు పోలీసు కార్లున్నాయి. రంపం కింద పడేయమని అరుస్తున్నారు. చెవులకు కప్పులుండడంతో శ్యామ్‌సుందర్‌కు ఏమీ వినిపించలేదు. తలుపు తెరుచుకున్న ఆనందంలో వాళ్లకు రంపమున్న చెయ్యే పైకెత్తి చూపించబోయాడు. విద్య వెనకనుంచి వచ్చి స్విచ్ ఆపి, రంపం లాక్కుని కింద పెట్టింది. తమ పద్నాలుగేళ్లు ఆ మెట్ల మీదే ముగిసిపోతాయని ఆ క్షణాన ఆమెకు నిజంగా భయం వేసింది.

ఒక పోలీసు ఆమెను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. "మేడమ్, మీ భర్త మిమ్మల్ని బాధపెడుతున్నారా?"

విద్య హాల్లో కట్టెల కుప్పను, కార్పెట్ మీద పాకుతున్న పురుగుల్ని, గోడ గడియారాన్ని వరసగా చూసింది.

"ఏప్రిల్ నుంచి," అంది.

పోలీసు చెయ్యి నోట్‌బుక్ మీదికి పోయింది. అదితి గబగబా మధ్యలోకి వచ్చి, అమ్మ చెబుతున్నది చెక్కల గురించని తన అమెరికన్ యాసలో మొదటినుంచీ వివరించింది. పురుగుల్ని కూడా సాక్ష్యంగా చూపించింది. పోలీసులు నవ్వాపుకోవడానికి కష్టపడ్డారు గానీ, చట్టం చట్టమే. ఉదయం ఎనిమిదికి ముందు మోటారు రంపం వాడినందుకు శ్యామ్‌సుందర్ చేతిలో ఒక పసుపు కాగితం పెట్టి వెళ్లారు.

కారులో విద్య ఒళ్లో ఫైలు తెరిచింది. గ్రీన్‌కార్డ్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మీరెప్పుడైనా అరెస్టయ్యారా, చట్టం ఉల్లంఘించినట్టు నోటీసు అందుకున్నారా? పద్నాలుగేళ్లుగా ఆ ప్రశ్నకు 'లేదు' అని రాయడానికే శ్యామ్‌సుందర్ స్పీడ్ లిమిట్‌కు ఐదు మైళ్లు తక్కువలో నడిపాడు.

"చెప్పకపోతే?" అన్నాడు పది మైళ్లు దాటాక.

"అబద్ధం చెబితే డైరెక్ట్‌గా డినయల్. లాయర్‌కి ఫోన్ చేయండి."

లాయర్ అంతా విని, "నిజం చెప్పండి. కానీ షార్ట్‌గా చెప్పండి," అంది.

ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు అరవై దాటిన ఆవిడ. ఎడమ చూపుడు వేలికి చివరి కణుపు లేదు. వరసగా అడుగుతూ, టిక్కులు పెడుతూ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది.

"అందుకున్నాను," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఎప్పుడు?"

"ఇవాళ. ఏడూ ముప్పై ఎనిమిదికి."

షార్ట్‌గా చెప్పడం అతని వల్ల కాలేదు. రోడ్డు పక్కన అట్టముక్క దగ్గర మొదలుపెట్టి పసుపు కాగితం దాకా వచ్చేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది.

"ఎంత మందం పలక?"

"రెండంగుళాలు."

"కోసిన ఎన్నాళ్లకు బిగించారు?"

"తొమ్మిది రోజులకు."

ఆవిడ మొహంలో అప్పటిదాకా లేని కాఠిన్యం వచ్చింది. "ఓక్‌ని అంగుళానికి ఏడాది ఆరబెట్టాలి. లేకపోతే వంకర తిరుగుతుంది. గ్రీన్‌కార్డ్ కోసం పద్నాలుగేళ్లు ఆగినవాళ్లు, ఒక చెక్క కోసం రెండేళ్లు ఆగలేకపోయారా?"

ఆషాఢం గురించి చెబుదామని శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు. విద్య బల్ల కింద అతని కాలు తొక్కింది.

"ఈ నోటీసుకు ఇక్కడ విలువేమీ లేదు," అంటూ ఆవిడ ఆఖరి టిక్కు పెట్టింది. "అన్నీ సరిగా ఉన్నాయి. ఇంటర్వ్యూ పాసయ్యారు."

విద్యకు కళ్లు చెమర్చాయి. భర్త చెయ్యి పట్టుకుంటే వేళ్లకు రంపంపొట్టు తగిలింది. ఏప్రిల్ నుంచి మొదటిసారి ఆమెకు దాని మీద కోపం రాలేదు.

"ఒక్క విషయం," అంది ఆవిడ కంప్యూటర్ వైపు తిరిగి. "ఈ నెల మీ వరసలో తేదీలు వెనక్కి వెళ్లాయి. ఇండియా వాళ్లకు ఈ ఏటి కార్డుల కోటా అయిపోయింది. మీ ఫైలు అలమరలో పెడతాం. మీ తేదీ వచ్చినప్పుడు కార్డు వస్తుంది."

"ఎప్పుడు వస్తుందండీ?"

"చెప్పలేను. రెండేళ్లు అనుకోండి."

ఇంటికి వచ్చాక విద్య చీర మార్చుకుని, అదితి దగ్గర సుద్దముక్క తీసుకుని, గరాజ్‌లోకి వెళ్లింది. తొమ్మిది పలకల్నీ ఇటుకల మీద గాలాడేలా పేర్పించి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటివాళ్ల పేరు, కోసిన తేదీ రాసింది. ఇంకా రెండేళ్లు ఆగాలని అందరికీ మెసేజ్ పెట్టింది. లిస్టులో మొదటి పేరు వీరభద్రంగారిది.

ఆయన మూడో రోజునే ఫోన్ చేసి, తన చెక్క ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వెబ్‌సైట్ ఏదైనా ఉందా అని అడిగారు.