రెండు పాళీల సూపర్ హీరో

సూపర్ హీరోలకు నిద్ర దండగ! ఈ మాట పైకి అనడానికి ఇంతకాలం ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి ఆ ధైర్యం సూరత్‌లో, ఉధ్నా దాటాక వచ్చే డిండోలిలో, లలితమ్మ నడిపే మెస్సులో పుట్టింది.

మీరే ఆలోచించండి. నగరం మీదికి ఇరవై అంతస్తుల ఇనుప భూతం నడిచి వస్తుంటుంది. జనం చేతులు జోడించి ఆకాశం వైపు చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే మన హీరో దుప్పటి ముసుగుతన్ని గుర్రు పెడుతుంటాడు. ఇదేం పద్ధతి? నీళ్ల ట్యాంకరు అరగంట ఆలస్యంగా వస్తే డ్రైవర్ని వీధంతా కలిసి దులిపేస్తుంది. ప్రపంచాన్ని కాపాడే మనిషికి మాత్రం ఈ మినహాయింపు ఎందుకు?

తప్పు హీరోలది కాదు లెండి. హీరోకి ఒక్క మనిషినే కేటాయించడంలో ఉంది. ఒక హీరో, లోపల ఒక మనిషి, వాడికి ఒక ఆకలి, ఒక ఆవులింత! ఇంత దుబారా మన ఫ్యాక్టరీల్లో ఎక్కడైనా చూశామా? డిండోలి వాళ్లు ఒక హీరోకి ఇద్దరు మనుషుల్ని పెట్టి ఆ సమస్యను మొదలంటా తీసేశారు. ఈ ఆవిష్కరణ చేసిన ఇద్దరిలో ఒకడు పరుశురాం. వయసు నలభై రెండు. జగిత్యాల వైపు నుంచి వచ్చి పదహారేళ్లుగా ఇక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు.

ముందు ఆట గురించి చెప్పాలి. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. తెర ఉండదు, బటన్లు ఉండవు. ఒక కాగితం మీద మీ హీరో పేరు, శక్తులు, బలహీనతలు రాసుకుంటారు. కథ నడిపే మనిషి ఒకరుంటారు. "బిల్డింగు కూలుతోంది, ఏం చేస్తావు?" అని అడుగుతారు. మీరు ఏదో ఒకటి చెప్పి పది ముఖాల పాచిక వేస్తారు. పాచిక దయ తలిస్తే బిల్డింగు నిలబడుతుంది. మిగతా తగాదాలన్నీ మూడువందల పన్నెండు పేజీల రూల్స్ పుస్తకం తీరుస్తుంది, కొత్తవి పుట్టిస్తుంది.

లలితమ్మ కూతురు కోమలి బీకాం రెండో ఏడు. కాలేజీలో ఎవరిదగ్గరో ఉన్న ఆ పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగు చేయించి తెచ్చుకుంది. అన్నం ఉడికేదాకా కాలక్షేపానికని మెస్సుకొచ్చే కార్మికులతో ఆట మొదలుపెట్టింది. నాలుగు నెలలు తిరిగేసరికి అన్నం ఉడికినా ఎవరూ ఆట వదలని పరిస్థితి వచ్చింది. ఒకసారి పాచిక పప్పు గిన్నెలో పడిపోయింది. లలితమ్మ గరిటెతో వెతికి తీసి, కడిగి, బల్ల మీద పెట్టి, "ఈసారి పడితే మీరే తిందురు" అని లోపలికి పోయింది.

ఈ బల్ల దగ్గర జరిగినంత లోతైన చర్చ ఏ సినిమా విమర్శకుడూ చేసి ఉండడు. హీరోలు లోదుస్తులు పైన ఎందుకు వేసుకుంటారు? విలన్ తన పథకమంతా హీరోకి విడమరచి చెప్పాకే మీట ఎందుకు నొక్కుతాడు? మాస్కు కళ్లకు మాత్రమే పెట్టుకుంటే పక్కింటివాళ్లు గుర్తుపట్టరా? అన్నిటికన్నా పెద్ద రగడ మాత్రం భుజాలకు కట్టుకునే ఆ పొడుగు గుడ్డ మీద జరిగింది. అది కట్టుకుంటే దర్జాకి రెండు పాయింట్లు అని పుస్తకంలో ఉంది. ఏ గుడ్డ అన్నది లేదు! జార్జెట్ అయితే మొదటి గాలికే మెడకు చుట్టుకుంటుందని, పాలిస్టర్ అయితే వానలో కూడా నిలబడుతుందని, దానికి ఇంకో పాయింటు కలపాల్సిందేనని పదకొండు మంది నేతగాళ్లు వారం రోజులు వాదించారు. పుస్తకం రాసినవాడికి బట్ట గురించి ఏమీ తెలియదని ఏకగ్రీవంగా తేల్చి, కోమలి చేత పాలిస్టరుకి పాయింటు ఇప్పించుకున్నారు.

ఇక మన పరుశురాం సంగతి. మరమగ్గాలను వీళ్లు సాంచాలంటారు. షిఫ్టును సూరత్ అలవాటు ప్రకారం పాళీ అంటారు. పరుశురాంది రాత్రి పాళీ, ఏడు నుంచి ఏడు దాకా. అవే ఎనిమిది సాంచాల మీద పగటి పాళీ చేసేది అతని అక్క భర్త అంబదాస్. ఇద్దరిదీ ఒకే అద్దె గది. ఆ గదిలో ఇంకో నలుగురు నేల మీద వరసగా పడుకుంటారు. బావకీ బావమరిదికీ కలిపి ఒక మంచం. పగలు పరుశురాం, రాత్రి అంబదాస్. ఆ మంచం చల్లబడిన రోజు లేదు.

అందువల్ల కోమలి మొదటిరోజు "ఒక్కొక్కళ్లు ఒక్కో హీరోను తయారు చేసుకోండి" అన్నప్పుడు ఆ ఇద్దరికీ అది ఖర్చు దండగ వ్యవహారంలా తోచింది. ఆ రోజు పండగ సెలవు కాబట్టి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"మంచమే ఒకటి ఉన్నది. హీరోలు ఇద్దరెందుకు బామ్మర్ది?" అన్నాడు అంబదాస్.

అలా తుఫాను మల్లయ్య పుట్టాడు. ఎగురుతాడు, రెండు చేతులూ విసిరితే గాలిదుమారం లేస్తుంది. ఉదయం ఏడున్నరకి రాత్రి పాళీ వాళ్ల బల్ల దగ్గర పరుశురాం అతన్ని ఆడిస్తాడు. సాయంత్రం ఏడున్నరకి పగటి పాళీ వాళ్ల బల్ల దగ్గర అంబదాస్ ఆడిస్తాడు. ఆటలో ఈ వంతులకు కూడా పాళీలనే పేరు. కథ ఒకటే, నగరం ఒకటే. ఆటలో గడియారం కూడా మెస్సు గోడ మీది గడియారమే. మల్లయ్య కాగితం మాత్రం పాళీ మారేటప్పుడు సాంచాల దగ్గర చేతులు మారుతుంది.

ఆ కాగితం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. బావా బావమరుదులు రోజుకు రెండుసార్లు కలుసుకునేది ఆ ఐదు నిమిషాలే. ఆ మోతలో మాట వినబడదు. రెండో సాంచా మీద పోగులు తెగుతున్నాయని రెండు వేళ్లు చూపిస్తే సరి, సంభాషణ అయిపోయినట్టే. పదహారేళ్లు అలా గడిచాయి. ఇప్పుడు మల్లయ్య కాగితం అంచుల్లో రాసుకుంటున్నారు. "బామ్మర్ది, వంతెన మీద ముసలామెను ఇడిసిపెట్టి దొంగ ఎంబడి ఎందుకు పోయినవ్?" "బావా, ముసలామె వంతెన ఎక్కింది నీ పాళీల, దించుడు గూడ నీ పనే." మల్లయ్య పుణ్యమా అని పరుశురాంకి తన బావ ఇంత చమత్కారి అని మొదటిసారి తెలిసింది. ఆ కాగితం అంటే అతనికి ప్రాణం.

ఫలితాలు చూడండి! తక్కిన హీరోలు ఒక పూట పోరాడి, ఇంకో పూట పడుకుంటారు. మల్లయ్య పొద్దున దొంగల్ని పడతాడు, మధ్యాహ్నం మంటలార్పుతాడు, రాత్రంతా గస్తీ తిరుగుతాడు. అందరికీ ఒక పాయింటు వచ్చేచోట అతనికి రెండు. దీపావళి సీజన్ మొదలై సాంచాలకు ఒక్క సెలవూ లేకుండా పోయాక మల్లయ్యకు ఎదురే లేదు. డిండోలిలో అంత బలమైన హీరో ఇంకొకడు లేడు. ఏ సేటు చూసినా ఇలాంటివాణ్ణి నలుగురిని పనిలో పెట్టుకునేవాడు.

ఓర్వలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఇక్కడ భిక్షపతి ఉన్నాడు. అతని హీరో గోడలు ఎక్కుతాడు కానీ దిగడం రాదు. నాలుగు నెలలుగా మల్లయ్య వచ్చి దింపుతున్నాడు. ఆ అవమానం భరించలేక భిక్షపతి ఒక గురువారం ఉదయం బల్ల దగ్గర పుస్తకం తెరిపించాడు.

"కోమలీ, అన్ని రూల్స్ సదివినవ్ గదా. మల్లయ్య ఎప్పుడు పండుకుంటడో జర చూడు."

కోమలి పొద్దుటి నోటుబుక్కు, సాయంత్రం నోటుబుక్కు రెండూ పక్కపక్కన పెట్టి వేలితో వెతికింది. మొహం మారింది.

"పరుశురాం కాకా, మల్లయ్య ముప్పై మూడు దినాల నుంచి పండుకోలే."

"గట్లెట్ల? బావ పాళీల పండుకుంటడనుకున్న."

"అంబదాస్ కాకా నీ పాళీల పండుకుంటడన్నడు. ఇగో, రాసుకున్న."

పరుశురాం నోటుబుక్కు చూశాడు. నిజమే. బావమరిది దగ్గర మల్లయ్య హాయిగా నిద్రపోతున్నాడని బావ నమ్మకం. బావ దగ్గర నిద్రపోతున్నాడని బావమరిది నమ్మకం. ఇద్దరూ ఎదుటివాడి మంచితనం మీద భరోసాతో వాణ్ణి ముప్పై మూడు రోజులు తిప్పారు.

కోమలి పుస్తకంలోని నియమాన్ని, రేపు ఎవరూ మాకు తెలియదనకుండా, తెలుగులో ఒక కాగితం మీద రాసి చదివింది. 'హీరో ఎంత బలవంతుడైనా పన్నెండు గంటలు పనిచేస్తే ఎనిమిది గంటలు కదలకుండా పడుకోవాలి. పడుకోకపోతే దమ్ము తగ్గుతుంది. దమ్ము సున్నా అయిన హీరో మొదటి దెబ్బకే చనిపోతాడు.' మల్లయ్య దమ్ము సున్నా దాటి కిందికి ఎప్పుడో పోయింది. ఆ సాయంత్రమే తాపీ నదిని ఊరి మీదికి మళ్లించే విలన్‌తో పెద్ద యుద్ధం. మల్లయ్య లేకపోతే ఊరు మునుగుతుంది. మల్లయ్య దిగితే చస్తాడు. చచ్చిన హీరో కాగితం చింపేయాలని కూడా రూలుంది.

పరుశురాం మల్లయ్య కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కాగితం చింపేస్తే తనకీ బావకీ మధ్య మళ్లీ రెండు వేళ్లే మిగులుతాయి.

"ఇప్పుడు పండుకుంటడు. సాయంత్రం దాకా లేవడు, రాసుకో" అన్నాడు.

"ఏడ పండుకుంటడు?" అన్నాడు భిక్షపతి. "మీ రహస్య స్థావరం ఏందని రాసిన్రు? మీ రూమే గదా. అండ్ల ఉన్నది ఒక్కటే మంచం. అండ్ల నువ్వు పండుకుంటవ్."

కోమలి పుస్తకం చూసింది. హీరో విశ్రాంతికి విడిగా పడక ఉండాలని అందులో నిజంగానే ఉంది. "రూల్ అంటే రూల్ కదా కాకా" అంది ఆ పిల్ల, గిల్టీగా.

తర్వాత జరిగింది వింటే మీరు నవ్వుతారు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. పరుశురాం గదికి వెళ్లి, దుప్పటి దులిపి, తలగడ సరిచేసి, మల్లయ్య కాగితాన్ని దాని మీద పెట్టాడు. ఎగిరిపోకుండా పైన దువ్వెన ఉంచాడు. ఫ్యాను పెద్దది చేశాడు. నేల మీద జాగా లేదు కనుక తను బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఎండ ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా తనూ ఒక మెట్టు పైకి జరిగాడు. కునుకు పట్టినప్పుడల్లా ఎవరో ఒకరు దిగుతూ జరగమన్నారు. మోసం చేసి మంచం మీద ఒక మూల ఒరిగినా చూసేవాళ్లు లేరు. కానీ ఆటన్నాక ఆటే అనుకున్నాడు. ఐదుగంటలకు లోపలికి వెళ్లి మల్లయ్యను నెమ్మదిగా లేపాడు. దమ్ము గళ్లో నిండుగా నలభై అని రాశాడు.

ఏడుకు ఐదు నిమిషాల ముందు సాంచాల దగ్గర కాగితం అంబదాస్ చేతికిచ్చాడు. అంబదాస్ నలభై అంకె చూశాడు. అంచులో రాసిన నాలుగు ముక్కలూ చదివాడు. బావమరిది ఎర్రబడ్డ కళ్లు కూడా చూశాడు. తలుపు వైపు చెయ్యి చూపించి, పోయి పడుకోమని సైగ చేశాడు. నీ బదులు నేను నిలబడతానన్నట్టు తన ఛాతీ మీద తట్టుకున్నాడు. అప్పటికి పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి అతను. పరుశురాం అతన్ని భుజం పట్టి బయటికి తోశాడు. ఊరు మునుగుతోంది, మెస్సుకు పో అన్నట్టు.

అప్పుడు మాస్టర్ దశరథం అటు వచ్చాడు. కార్ఖానాలో పాళీలు చూసుకునేది అతనే. జగిత్యాల వైపువాడే, చెడ్డవాడు కాదు. పరుశురాం అతన్ని మోత తక్కువున్న గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి సంగతంతా చెప్పాడు. కోమలి రాసిచ్చిన కాగితం జేబులోంచి తీసి చేతికిచ్చాడు.

"ఈ ఒక్క రాత్రి ఛుట్టీ ఇయ్యి మాస్టర్. రూల్ కూడ గట్లనే ఉన్నది, సూడు."

దశరథం కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తల ఊపాడు.

"మంచిగనే రాసిన్రు. పన్నెండు గంటలు పనికి ఎనిమిది గంటల నిద్ర. కరెక్టే ఉన్నది."

"అయితే పోవాల్నా మాస్టర్?"

"యాడికి?" అన్నాడు దశరథం, కాగితం మడిచి తిరిగి ఇస్తూ. "ఇది హీరోలకు రాసింది పరుశురాం. వాళ్లు ఎగురుతరు, గాలిదుమారం లేపుతరు. గంత పని జేసేటోళ్లకు నిద్ర గావాలె. నువ్వు ఉత్త మనిషివి గదా, నీకేమైతది?"

పరుశురాం ఆలోచించాడు. మాటలో ఎక్కడో తిరకాసు ఉందనిపించింది కానీ, నిద్ర లేని బుర్రకి అదెక్కడుందో దొరకలేదు. పుస్తకం మూడువందల పన్నెండు పేజీల్లో ఉత్త మనుషుల గురించి ఒక్క రూలూ లేదన్నది మాత్రం నిజం. వెళ్లి ఎనిమిది సాంచాలూ ఒక్కొక్కటే నడిపించాడు. దశరథం నిజంగా మంచివాడు, పరుశురాంకి పదింటికి ఒక టీ ఎక్కువ పంపించాడు.