బాధ్యుల గడిలో అత్తగారు

ఆ శుక్రవారం పొద్దున పదింటికల్లా కార్తాగో ఊరి చుట్టుపక్కలున్న ఇరవై మూడు మందుల షాపుల రూటర్లనూ ఒకే దారికి తేవాలని, ఆ షాపుల కంపెనీలో నెట్ పనులు చూసే యోర్లెని పథకం. అంతకు ముందు ఆ ఉద్యోగంలో ఉన్నవాడు ఒక్కో రూటరుకు ఒక్కో రకంగా, ఆ రోజు బుద్ధి పుట్టినట్టు రాసి పోయాడు. ఆమె అన్నిటికీ కలిపి ఒకే టెంప్లేట్, అంటే నమూనా, రాసింది. షాపు పేరు, ఊరు, బాధ్యుల పేరు, ఫోను లాంటి మారే సంగతులకు మాత్రం ఖాళీలు వదిలి, నింపి పంపమని షాపులకు పట్టిక పంపింది. సాయంత్రం దాకా ఒక్క ఫిర్యాదూ రాకపోతే ఉద్యోగం పర్మనెంటు చేస్తానని మేనేజరు దోన్ అబెలార్దో మాటిచ్చాడు. వస్తే నెలాఖరుకు ఇంటికే.

పట్టికలు తిరిగొచ్చాయి. "నెట్ పోతే బాధ్యులు" అన్న గడిని మాత్రం ఇరవై మూడు షాపుల్లో ఒక్కరూ ముట్టుకోలేదు. తెలిసి తెలిసి ఎవరు తలదూరుస్తారు? ఖాళీగా వదిలిన గడిలో దానంతటదే ఒక పేరు పడేలా యోర్లెని ముందే ఏర్పాటు చేసింది. పరీక్ష కోసం అక్కడ అత్తగారి పేరూ నంబరూ పెట్టి, తీసెయ్యడం మరిచిపోయింది. ఇప్పుడు మీట నొక్కింది.

రూటర్లన్నీ ఒక్కసారి తడబడ్డాయి. ఇరవై మూడు షాపుల బిల్లు తెరల మీదా ఒకటే మాట: "నెట్ లేదు. దోన్యా ఎర్మెలిందాకు ఫోన్ చేయండి."

ఇంట్లో నల్ల చిక్కుడు గింజలు ఉడకబెడుతున్న అత్తగారు ఎర్మెలిందా ఫోనెత్తింది.

"అమ్మా, పరాయిసో ఊరి షాపు నుంచి. నెట్ పోయింది."

"పోతే పోయిందిలే నాయనా. ఆ పెట్టె వైరు పీకి, కాఫీ తాగొచ్చి మళ్లీ పెట్టు."

"ఎంతసేపు తాగాలమ్మా?"

"కాఫీకి టైమేంట్రా? అయ్యేదాకా."

నెట్ వచ్చేసింది. కోడలి కొత్త రాతలు ఒంటబట్టడానికి ఆ పెట్టెలకు కావలసింది అదే. తక్కిన షాపులకూ ఆవిడ ఇదే వైద్యం చేసింది. మధ్యాహ్నానికి మందుల షాపువాళ్లకే దగ్గు కషాయం చెప్పి, తురియాల్బా ఊరి షాపు అమ్మాయికి తన మేనల్లుడి సంబంధం కూడా కదిపింది.

ఆఫీసులో యోర్లెనికి ఒక్క ఫోనూ రాలేదు. ఉద్యోగం ఇంత హాయిగా నిలబడుతుందని ఆమె అనుకోలేదు. సాయంత్రం ఐదింటికి దోన్ అబెలార్దో పిలిచాడు.

"ఈ ఎర్మెలిందా ఎవరు?"

"మా అత్తయ్య, సార్."

"పొద్దున నేను వెళ్లిన షాపు తెర మీదా ఆవిడ పేరే. ఫోన్ చేసి మేనేజర్నని చెప్పా. 'అయితే వైరు నువ్వే పీకు, వంగితే నడుం అరిగిపోదులే' అంది."

"పొరపాటు నాదే సార్. క్షమించండి."

"ఆగమ్మా. ఇరవై మూడు షాపులు, ఒక్క ఫిర్యాదు లేదు. మాటంటే మాటే, నీది పర్మనెంటు."

యోర్లెనికి ఏడుపొచ్చినంత పనైంది. ఎంత సంతోషమో చెప్పలేం.

"సోమవారం నుంచి మీ విభాగానికి పై అధికారిగా ఆవిడొస్తారు. అడిగాను, ఒప్పుకున్నారు."

నెల తిరక్కుండానే యోర్లెని పెట్టిన మొదటి సెలవు చీటీ వెనక్కి వచ్చింది: కారణం "ఇంట్లో పనుంది" అని రాయడం అబద్ధమనీ, ఆ పనంతా పొద్దున్నే తాను చేసే వచ్చాననీ పై అధికారి రాశారు.