పెద్దసారు కదల్లేదు

ఆ రిఫైనరీలో భద్రతాధికారిని అందరూ జాగ్రత్తగారనే పిలుస్తారు. ఫోను పెట్టేసే ముందు కూడా "జాగ్రత్త" అనడం ఆయన అలవాటు. ఆ రోజు పొద్దున ఆయన పథకం చాలా చిన్నది. కొత్తగా వచ్చిన పరికరాన్ని పెద్దసారుకు, అంటే జనరల్ మేనేజరుకు చూపించాలి, ఆపరేటర్లందరికీ కొనిపించాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి.

అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది ఆ పరికరం. చొక్కాకు తగిలించుకుంటే చుట్టుపక్కల విషవాయువును పసిగడుతుంది. తగిలించుకున్న మనిషి కాసేపు కదలకపోతే ముందు గుండె మీద గుర్రుమంటుంది. అప్పటికీ కదలకపోతే కంట్రోల్ రూముకు కబురు పంపి సైరను మోగిస్తుంది.

"అద్దం ముందు మళ్లీ రిహార్సలా?" అంది భార్య. "వాళ్లు కొనకపోతే కొంపలేం మునిగిపోవు కదా!"

"మునుగుతాయే" అన్నాడాయన. పోయినేడాది ఒక ఆపరేటరు ట్యాంకు వెనక వాయువు పీల్చి పడిపోయాడు. షిఫ్టు మారేదాకా ఎవరూ చూడలేదు. బతికాడు గానీ, ఇప్పటికీ కూతుర్ని పిలవాలంటే పేరు కోసం తడుముకుంటాడు. అది తలచుకుంటే జాగ్రత్తగారికి ముద్ద దిగదు.

మీటింగు గదిలో ఆయన పరికరాన్ని స్వయంగా పెద్దసారు జేబుకు తగిలించాడు. వ్యవహారం అక్కడే అడ్డం తిరిగింది. జనరల్ మేనేజరుగారు మీటింగుల్లో కళ్లు అరమోడ్చి కూర్చుంటారు. దాన్ని ఆ ఆఫీసులో నిద్ర అనరు, ఆలోచన అంటారు. సారు ఆలోచిస్తుంటే ఎవరూ కదిలించకూడదు. ఈ మర్యాదను కొత్త పరికరానికి ఎవరూ నేర్పలేదు.

అకౌంట్స్ ఆఫీసరు ఖర్చుల చిట్టా చదువుతుండగా పెద్దసారు గాఢంగా ఆలోచించసాగారు. గుర్రుమని చప్పుడైంది. అది జేబుదో సారుదో ఎవరికీ తెలియలేదు. జాగ్రత్తగారు అటు తిరిగి, తన బొమ్మలు చూపించాల్సిన తెర సరిచేసుకుంటున్నాడు. మరుక్షణం బయట సైరను కూత పెట్టింది.

"గ్యాసు లీకు!" అని అకౌంట్స్ ఆఫీసరు కేకేశాడు. అంతే, గది ఖాళీ. అలారం మోగితే ముందు పరుగు, ప్రశ్నలు తర్వాత అన్నది అక్కడి నియమం. ఆ నియమం రాసింది జాగ్రత్తగారే కాబట్టి ఆయనే అందరికన్నా ముందు మైదానం చేరాడు. వాళ్ల పరుగు చూసి తక్కిన విభాగాలు కూడా పరుగందుకున్నాయి. ఇంతమంది ఊరికే పరుగెత్తరని ప్లాంటువాళ్లు పంపులు ఆపేశారు. పంపులు ఆగాయని గేటు దగ్గర డ్రైవర్లు లారీలు వదిలేసి గోడ దూకారు.

మైదానంలో తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది.

"ఎవరు రాలేదు?" అన్నాడు జాగ్రత్తగారు.

"పెద్దసారండీ" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు.

"మీరు పక్కనే కూర్చున్నారు కదా, లేపలేదా?"

"ఆలోచిస్తున్నారండీ. నేనెలా లేపుతాను?"

అంతలో పరికరం పంపిన కబురు అందుకుని, ముసుగులు తొడుక్కున్న రక్షణ సిబ్బంది పెద్దసారును స్ట్రెచరుకు కట్టి మోసుకొచ్చారు. "నాకేం కాలేదు, వదలండి!" అని ఆయన ఆక్సిజన్ మాస్కులోంచి అరుస్తున్నారు. "మాట్లాడకండి సార్, ఊపిరి దాచుకోండి" అంటూ వాళ్లు ఇంకా గట్టిగా అదిమిపట్టారు.

కట్లు విప్పగానే పెద్దసారు స్ట్రెచరు మీదే లేచి కూర్చుని ఉరిమారు. "ఈ సైరను ఎందుకు మోగింది?"

"మిషను చెడిపోయిందని చెప్పేయండి, ఉద్యోగం మిగులుతుంది" అని అకౌంట్స్ ఆఫీసరు చెవిలో ఊదాడు.

ఆ మాట జాగ్రత్తగారి నోటిదాకా వచ్చింది. కానీ చెడిపోయేదాన్ని ఎవరూ కొనరు. రేపు ట్యాంకు వెనక ఇంకెవరో పడిపోతారు, ఎవరూ చూడరు. ఆయన స్ట్రెచరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మిషను బాగానే ఉంది సార్. మీరే కదల్లేదు."

అకౌంట్స్ ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను కదలకపోతే మీరంతా ఏం చేశారు?"

"పరుగెత్తాం సార్. అందరికన్నా ముందు నేనే." సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు.

పెద్దసారు చుట్టూ ఉన్న ముఖాలను ఒక్కొక్కటే చూశారు. ఏళ్ల తరబడి ఆయనకు తలుపు తీసి పట్టుకున్నవాళ్లు, తుమ్మితే మంచినీళ్లందించినవాళ్లు. ఆయన కోపం ఎటో పోయింది. జేబుకున్న పరికరాన్ని అరచేత్తో తడుముకున్నారు.

"ఇంతమందిలో నన్ను పట్టించుకున్నది ఇదొక్కటేనన్నమాట" అన్నారు మెల్లగా. "అందరికీ కొనండి. ఆపరేటర్లకే కాదు, ఆఫీసర్లకు కూడా."

ఇప్పుడు ఆ గదిలో మీటింగు జరిగినంతసేపూ అధికారులందరూ కాళ్లు ఊపుతూనే ఉంటారు.