మగవాళ్ళ పోలింగు గదిలో ఘోరం

ఆలూరు దగ్గరి మా పల్లెలో, మగవాళ్ళ పోలింగు గదిలో, వెంకటేశ్వరమ్మ పెట్టెలో ఒక ఓటు దొరికింది.

ఇది ఎంత ప్రమాదమో బయటివాళ్ళకు చెప్పాలి. 1957 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. ఆడవాళ్ళకు ఒక గది, మగవాళ్ళకు ఒక గది. ఢిల్లీ పార్లమెంటుకు మా ఊరి ఆడబిడ్డ వెంకటేశ్వరమ్మ నిలబడింది. ఆమెను మేము గౌరవిస్తాం. సభకు పిలిచి దండ వేస్తాం, స్త్రీలే దేశానికి వెలుగని ఉపన్యసిస్తాం (ఆ ఉపన్యాసం నాదే). ఓటు మాత్రం వేయకూడదని మగవాళ్ళమంతా చావడిలో ఉరుకుంద ఈరన్నస్వామి మీద ప్రమాణం చేశాం. మా జిల్లా నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక మాకు పరువైనా మిగలాలి కదా.

ఆడవాళ్ళ ఓట్లతో ఆమె గెలిచింది. దాన్ని క్షమించాం (క్షమించమని ఎవరూ అడగలేదు). కానీ మగవాళ్ళ గదిలోనా!

లెక్కింపు చూసి వచ్చిన ఏజెంటు ఉరుకుందప్ప గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. "ఓటొకటే కాదన్నా. పెట్టె అడుగున పసుపు పూసిన బియ్యం గింజలు గూడా ఉండాయి."

వెంటనే పురుష మర్యాదా పరిరక్షణ విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు పంచాయతీ ప్రెసిడెంటు పెద్ద ఈరన్న. మా చేత ప్రమాణం చేయించింది కూడా ఆయనే. వారపత్రికకు రాసే సీరియళ్ళలో హంతకులను పట్టిస్తుంటాను కాబట్టి కార్యదర్శిని నేను. ప్రతి మగవాడూ అనుమానితుడే, సంఘ సభ్యులు తప్ప. ఓటు రహస్యం కనుక ఎవరికి వేశావని అడగరాదు. ఎవరికి వేయలేదో అడగాలి. దోషి ఇంటివాళ్ళను ఏడాదిపాటు ఎవరూ కూలికి పిలవరాదు. అది కరువేడు. ఉన్న కొద్ది పనీ ప్రెసిడెంటు చేలలోనే.

పసుపు బియ్యమంటే అక్షింతలని తేల్చాను. అక్షింతలంటే ఆశీర్వాదం. అంటే దోషి పొరపాటున వేయలేదు, మనస్ఫూర్తిగా వేశాడు. నేరం రెట్టింపైంది.

అనుమానం కూలిపని చేసుకునే లేవి మీదికి పోయింది. చర్చిలో అతని భార్య విశ్వాసమ్మే ప్రార్థన చేయిస్తుంది. ఆడమనిషి నిలబడి మాట్లాడుతుంటే కూర్చుని వినడం అతనికి ప్రతి ఆదివారం అలవాటు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"నేను ఏయలేదప్పా," అన్నాడు లేవి. "కూలికి పిలవకపోతే యాడికి పోవాల? పసిబిడ్డలుండారు."

"పెట్టె ముందర గుర్తుకు రావలసింది బిడ్డలు!" అన్నాను. నా సీరియళ్ళలో ఇన్‌స్పెక్టర్లు ఇలాగే అంటారు.

తీర్పు రాయబోతుండగా విశ్వాసమ్మ ఖాళీ గంప పట్టుకుని చావడి మెట్లెక్కింది (ఆడవాళ్ళు ఆ మెట్లెక్కరాదు, దానికి వేరే సంఘం ఉంది).

"ఏమప్పా, మీకు బుద్ధి ఉండాదా? మా ఇంట్లో బియ్యం మొగం చూసి ఎన్నాళ్ళాయె! పాస్టరయ్య వచ్చినా కొర్రబువ్వే పెడితిమి. తినను లేని బియ్యం పెట్టెలో పోస్తామా? ఊర్లో బియ్యం యాడ ఉడుకుతాండాదో మీ ముక్కులకు తెల్దా?"

తెలుసు. ఆ ఏడు వరన్నం ఉడికే ఇల్లు ఊళ్ళో ఒకటే. అధ్యక్షుడి వైపు చూడకుండా ఉండేందుకు సంఘ సభ్యులు తలా ఒక దూలాన్ని ఎంచుకున్నారు. సీరియల్లో అయితే ఇక్కడ పిడుగు పడాలి. ఆదోని బస్సు పోయింది, అంతే.

"అవి బియ్యం కాకపోవచ్చు," అన్నాను, కలం సర్దుకుంటూ. "పసుపు రంగు ఇసుక అయివుండవచ్చు."

పెద్ద ఈరన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇసక గాదులేప్పా, బియ్యమే. నేనే ఏసినా. లేవిని పనికి రావద్దనొద్దండి. అయితే అవి అక్షింతలు గాదు, ఒడిబియ్యం. ఆడబిడ్డను ఊరు దాటిచ్చేటప్పుడు ఉత్తగా ఎట్ల పంపుతాం? ఆయమ్మ ఈడనే ఉంటే వచ్చే పంచాయతీకి నా మీద నిలబడతాననె. నిలబడితే గెలుస్తాది, నాకు తెల్సు. ఢిల్లీ అయితే శానా దూరం. దేశం ఏమన్నా కానీలే, ఊరు దక్కించినా గదా!"