మేనేజరు క్షేమం అడిగిన రోజు

సోమవారం పొద్దున మేనేజరు ఒక మంచి పని చేద్దామనుకున్నాడు. అలవాటు లేని పని. పై వాళ్లు కింది వాళ్ల బాగోగులు కనుక్కోవాలని రెండు రోజుల శిక్షణలో ఎవరో చెప్పారు. మందుల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం సీసాలు పెట్టెల్లో సర్దే మనుషులకు ఒళ్లు నొప్పులుంటాయని తెలియడానికి ఆయనకు శిక్షణ కావలసి వచ్చింది. అందరికంటే పాత మనిషి కదాని ముందుగా ప్యాకింగ్ అక్కను గదిలోకి పిలిపించాడు.

"కూర్చోమ్మా" అన్నాడు.

అక్క కుర్చీ వంక అనుమానంగా చూసింది. ఆ గదిలో పనివాళ్లు నిలబడే మాట్లాడతారు. కూర్చోబెట్టేది ఆఖరి కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడే. నడుం పట్టేసిన ఇద్దరిని కిందటేడు అలాగే కూర్చోబెట్టి సాగనంపారు. అక్క కుడి మణికట్టు ఆరు నెలలుగా వాచి ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని దాస్తోంది. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

"పర్లేదండి, నిలబడతాను."

"మంచినీళ్లు తాగుతావా?"

మంచినీళ్ల దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే అనుకుంది అక్క.

"ఒంట్లో ఎలా ఉంది? చేతులేమైనా నొప్పా?"

"ఎవరు చెప్పారండీ? ఆ గుమాస్తానేనా? ఆయనకి నేనంటే గిట్టదు. నా చెయ్యి ఇనప ముక్క. కావాలంటే చూడండి."

మూలనున్న నిండు పెట్టెను కుడిచేత్తో ఎత్తేసింది. మేనేజరు కంగారుగా లేచి వచ్చాడు. నమ్మలేదేమోనని అక్క ఇంకాస్త పైకెత్తింది. మణికట్టు కలుక్కుమంది. పెట్టె తిన్నగా ఆయన బొటనవేలి మీద పడింది.

ఆయన కేక హాలంతా వినబడింది. "అక్కని తీసేశారు. అక్క ఊరుకోలేదు" అని గుమాస్తా తేల్చేశాడు. తర్వాతి వంతు ఎవరిదోనని అందరికీ భయం పట్టుకుంది. నడుం నొప్పి వాళ్లు వంగి లేచి చూపించారు. మోకాళ్ల నొప్పుల వాళ్లు పెట్టెలు నెత్తిన పెట్టుకుని పరుగులు తీశారు. ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయి, "నాకేం కాలేదు, సీసా మూత వెతుకుతున్నా" అంది.

డాక్టరు వచ్చి మేనేజరు వేలు చూశాడు. "విరిగింది. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి నెల రోజులు జీతంతో సెలవు."

"అలాంటి సెలవుందా?" అని మూలుగుతూనే అడిగాడు మేనేజరు.

"ఎప్పట్నుంచో ఉంది సార్" అన్నాడు గుమాస్తా. "బీరువాకి ఒక కాలు పొట్టి. ఆ సెలవు ఫారాల కట్ట దాని కిందే పెట్టాం."

ఉద్యోగం ఎలాగూ ఊడింది, ఇంకా దాచేదేముందని గుమ్మంలో ఉన్న అక్క చొక్కా చెయ్యి పైకి లాగింది. "డాక్టరుగారూ, ఆ సెలవు మణికట్టుకి ఇవ్వరాండీ?"

డాక్టరు వాపు నొక్కి చూసి, "ఇదీ పనిలో వచ్చిందే" అన్నాడు. మేనేజరు తన వేలు చూసుకున్నాడు, ఆమె చెయ్యి చూశాడు. "ఆమెకో ఫారం ఇవ్వవయ్యా" అన్నాడు.

"మరి నా ఉద్యోగమండీ?"

"ఎక్కడికీ పోదు. నెల తర్వాత ఇద్దరం కలిసే వద్దాం."

ఆ మాట హాల్లోకి వెళ్లింది. గది ముందు వరస కట్టారు. గుమాస్తా నసిగాడు. "ఇందరికిస్తే కట్ట ఖాళీ అయిపోతుంది సార్."

"అవనీ."

మధ్యాహ్నానికల్లా బీరువా ఒరిగిపోయింది.