రెండు మైళ్ల మేరీలాండ్

ఆ శనివారం పొద్దున ఆర్వల్ టాకెట్ వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. ఏడున్నరకు ఇంటినుంచి బయలుదేరాలి. పదకొండు లోపు పెన్సిల్వేనియాలో వేటగాళ్ల సంఘం మైదానం చేరి పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ ఏటా జరిగే రివాల్వర్ పోటీలో బామ్మర్ది హార్లన్‌ను ఓడించాలి. నలభై మైళ్ల దారికి మూడున్నర గంటలు ఎందుకని భార్య వెర్నా అడగలేదు. పోటీ దగ్గర విందుకని తను కాల్చిన 'యాపిల్ పై' తీపి రొట్టెను వెనక సీటులో పెట్టి, బెల్టు కూడా దానికే ముందు బిగించింది.

గెలిచినవాళ్ల పేరు ఆ సంఘం గోడమీది ఓక్ పలకలో కాల్చి రాస్తారు. నాలుగేళ్లుగా వరసగా హార్లన్ పేరే పడుతోంది. పలకలో ఇంక ఒక్క పేరుకే చోటు మిగిలింది. ఆర్వల్‌కు అరవై తొమ్మిది. చలికాలంలో కంటిశుక్లం తీయించుకున్నాక గురి మళ్లీ కుదిరింది. కుదిరిన గురి ఎన్నేళ్లు నిలుస్తుందో డాక్టరు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన ఆర్వల్, ఊళ్లో ఫైరింజన్ షెడ్డులో గురువారం గురువారం ఒక తరగతి నడుపుతాడు. తుపాకీ వెంట ఉంచుకుని ఏ రాష్ట్రంలో ఎలా తిరగాలో చెప్పే తరగతి. అడిగినవాడికి జవాబు చెప్పడంతో ఊరుకోడు, జవాబు పుట్టిన ఏడాది నుంచి మొదలుపెడతాడు. ఈ కథ కూడా ఆయన అక్కడ చెప్పేదే. ఆయన తన్ను తాను చూపించుకున్నంత తెలివితక్కువగా చూపించడం ఇంకొకరివల్ల కాదు.

చిక్కంతా మేరీలాండ్‌తో వచ్చింది. ఆర్వల్ ఉండేది వెస్ట్ వర్జీనియాలో. అక్కడ రివాల్వర్ నడుముకు తగిలించుకుని తిరగవచ్చు. ఆయన లైసెన్సు పెన్సిల్వేనియాలోనూ చెల్లుతుంది. రెండింటి మధ్యా, హాన్‌కాక్ ఊరి దగ్గర, మేరీలాండ్ సన్నగా సాగి రెండు మైళ్ల వెడల్పుకు వస్తుంది. ఆ రెండు మైళ్లలో ఆ లైసెన్సు చిత్తుకాగితం. అక్కడ తుపాకీ ఖాళీగా ఉండాలి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి, పెట్టె డిక్కీలో ఉండాలి.

"ఇంటి దగ్గరే డిక్కీలో పడేస్తే పోదా?" అంది వెర్నా.

"హక్కున్న చోట వాడుకోకపోతే ఆ లైసెన్సు తీసుకోవడం దేనికి?" అన్నాడు ఆర్వల్.

మేరీలాండ్‌కు సరిహద్దుగా పారే నదికి ఇవతల పెట్రోలు బంకు పక్కన కారు ఆపాడు. రివాల్వర్ ఖాళీ చేశాడు. ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తూటాలు కాఫీ డబ్బాలో పోశాడు. అప్పుడాయనకు ఒక అనుమానం వచ్చింది. పెట్టె తాళంచెవి తన జేబులో ఉంటే తుపాకీ తన అందుబాటులో ఉన్నట్టే కదా. చట్టం అంత దూరం ఆలోచించలేదు గాని ఆర్వల్ ఆలోచించాడు. తాళంచెవుల గుత్తిని కూడా కాఫీ డబ్బాలో వేసి, మూత బిగించి, డిక్కీ దబీమని మూశాడు. ఆ పాత బ్యూయిక్ కారు స్టార్టు చేసే తాళంచెవి వేరే. డిక్కీ తాళంచెవి మాత్రం ఆ గుత్తికే ఉంది.

ఈ సంగతి ఆయనకు పెన్సిల్వేనియాలో అడుగుపెట్టి, మళ్లీ తుపాకీ తగిలించుకుందామని రోడ్డు వార కారు ఆపి, డిక్కీ ముందు నిలబడ్డాక తెలిసింది. జేబులన్నీ తడుముకున్నాడు. వెర్నా దిగి వచ్చింది.

"ముందు అరలో ఉందిగా..." అని మొదలుపెట్టింది.

డాష్‌బోర్డు అర అంటే ఆర్వల్‌కు పాముపుట్ట. తుపాకీ విషయంలో ఆ అరను తాళం వేసిన చోటుగా చట్టం ఒప్పుకోదని, పోలీసు ఎదుట దానిమీద చెయ్యి వేయకూడదని ఏటా వందమందికి చెబుతాడు. అంత చెప్పినవాడు దాన్ని తెరిస్తే బాగుండదని కారు కొన్న పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ తెరవలేదు.

"ఆ అర మాట ఎత్తకు, వెర్నా. ఇది చట్టంతో పని."

"సరే," అంది వెర్నా. ఆ సరే ఎలాంటిదో నలభై ఏళ్ల కాపురంలో ఆయనకు తెలిసి ఉండాల్సింది.

ఆమె ఫోన్ చేస్తే హార్లన్ తన ట్రక్కు వేసుకుని పది గంటలకు వచ్చాడు.

"బావా, తుపాకీ ఎక్కడుంది?"

"డిక్కీలో."

"పెట్టె తాళంచెవి?"

"డిక్కీలో."

"మరి డిక్కీ తాళంచెవి?"

ఆర్వల్ కొండలవైపు చూశాడు. హార్లన్ నవ్వలేదు. టోపీ తీసి గుండెమీద పెట్టుకున్నాడు, చావింటికి వచ్చినవాడిలా. తర్వాత యాపిల్ పైని, అక్కనూ ట్రక్కులో ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

దగ్గరలో తాళాలు తీసేవాడు హాన్‌కాక్‌లో ఉన్న డ్యూయీ స్ప్రాంకిల్ ఒక్కడే. అతను సరిహద్దు బోర్డు దాకా వచ్చి ఆగిపోయాడు. తన పనికి లైసెన్సు మేరీలాండ్ వరకేనని, అవతల గడ్డమీద నిలబడి పని చెయ్యనని అన్నాడు. ఆర్వల్‌కు అతనిమీద అమాంతం గౌరవం కలిగింది. అయితే డిక్కీని మేరీలాండ్‌లో తెరవడానికి ఆయన ఒప్పుకోలేదు. దారిపోతూ దాటడం వేరు, వెనక్కి తీసుకెళ్లి తెరిచి పెట్టడం వేరు అన్నాడు. డ్యూయీ తల ఊపాడు. ఇద్దరు పద్ధతిగల మనుషులు కలిస్తే పని ఎంత ఆలస్యమవుతుందో ఆ పొద్దున తేలింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆర్వల్ కారును వెనక్కి నడిపి బంపరు సరిగ్గా సరిహద్దు దగ్గర ఆపాలి. డ్యూయీ కాళ్లు మేరీలాండ్‌లో పెట్టి చేతులు పెన్సిల్వేనియాలోకి చాపి పని చెయ్యాలి. కాని సరిహద్దు ఎక్కడ? బోర్డు ఒకచోట ఉంది, తారు రంగు మారింది మూడడుగుల అవతల. ఆర్వల్ తారు అన్నాడు, డ్యూయీ బోర్డు అన్నాడు. ఆర్వల్ అడుగులో అడుగు వేసి కొలిచాడు. కారు ఆరుసార్లు ముందుకూ వెనక్కూ నడిచింది. ఎదురింటి ఆవిడ వసారాలోంచి ఇదంతా చూసింది. ఒక ముసలాయన నేల కొలుస్తున్నాడు, ఇంకొకాయన నడుము వంచి ఇనప తీగతో డిక్కీ కెలుకుతున్నాడు. ఆవిడ ఫోన్ తీసింది.

వచ్చింది పెన్సిల్వేనియా పోలీసు, కోవాల్‌చిక్ అనే పడుచు. ఇద్దరినీ చేతులు కనబడేలా పెట్టమంది.

"బండిలో ఆయుధం ఏమైనా ఉందా, పెద్దాయనా?"

దీనికి ఎలా జవాబివ్వాలో ఆర్వల్ తరగతిలో నాలుగు మాటల్లో నేర్పుతాడు. ఉంది, ఖాళీది, డిక్కీలో, తాళంలో. ఆ నాలుగు మాటలూ ఆయనకు గుర్తు రాలేదు.

"ఉంది తల్లీ, కాని నా దగ్గర లేదు. తాళంచెవి ఉంది, అదీ నా దగ్గర లేదు. నది అవతల నా నడుముకే ఉంది, అప్పుడు తప్పు లేదు. మేరీలాండ్‌లో లేదు, అంటే ఉంది, కాని లేనట్టే."

"నా కాళ్లు మటుకు మేరీలాండ్‌లోనే ఉన్నాయి," అన్నాడు డ్యూయీ.

ఆమె కారు కాగితాలు అడిగింది.

"డాష్‌బోర్డు అరలో ఉంటాయి. దాన్ని నేను తెరవను."

"ఏం?"

"పంతొమ్మిదేళ్లుగా తెరవలేదు."

ఆమె చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ఆర్వల్ చేతులు ఇంకా పైకి లేచాయి. ఆయనను కదలవద్దని చెప్పి, ఆమే అటువైపు తలుపు తీసి అర తెరిచింది. లోపల కాగితపు రుమాళ్లు, పిప్పరమెంట్లు, చర్చి కరపత్రాలు, కారు కాగితాలు ఉన్నాయి. వాటి పైన, అర గోడకు బిగించిన పసుపుపచ్చ బొత్తాం ఒకటి ఉంది. ఆమె దాన్ని నొక్కింది.

డిక్కీ టక్కున లేచి డ్యూయీ గడ్డానికి తగిలింది. అతను వెల్లకిలా పడ్డాడు, మేరీలాండ్‌లోనే.

కోవాల్‌చిక్ పెట్టె చూసింది, డబ్బా చూసింది, లైసెన్సు చూసింది. అన్నీ సక్రమంగా ఉన్నాయంది. ఇంత సక్రమంగా ఉన్న మనిషిని తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదని, మళ్లీ చూడాలని కూడా లేదని చెప్పి వెళ్లిపోయింది. అప్పటికి పన్నెండు దాటింది.

ఆర్వల్ మైదానం చేరేసరికి బల్లలమీద యాపిల్ పై అంచులు మాత్రమే మిగిలాయి. హార్లన్ ఒక మూల దిగులుగా కూర్చుని ఉన్నాడు. సంఘం కార్యదర్శి ఓక్ పలక దించి, ఎర్రగా కాల్చిన ఇనపకడ్డీతో ఆఖరి పేరు రాస్తున్నాడు. టాకెట్ అన్న మాట అయిపోయింది. దాని ముందు 'వి' అని ఉంది.

జరిగిందేమిటో హార్లనే చెప్పాడు. పదకొండు కొడుతుంటే వెర్నా వెళ్లి తన పేరు రాయించిందట. అతని రెండో రివాల్వరే అడిగి తీసుకుని, మైదానంలో ఒకే చోట అయిదు తూటాలు దించిందట.

"పదహారేళ్లుగా నీ తరగతిలో వెనక నిలబడి కాఫీ పోస్తోంది బావా. చెవులు మూసుకుని పోస్తోందనుకున్నావా?"

 ఆర్వల్ వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఆ బొత్తాం సంగతి నీకు తెలుసా?"

"వారం వారం డిక్కీలో సరుకులు ఎలా పెడుతున్నాననుకున్నావు?"

"చెప్పొచ్చుగా."

"చెప్పబోయాను. చట్టంతో పని అన్నావు."

తిరుగు ప్రయాణంలో మేరీలాండ్ ముందు ఆర్వల్ పెట్టెకు తాళం వేసి, గుత్తి ఏం చెయ్యాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వెర్నా అది తీసుకుని తన సంచిలో వేసుకుంది.  నది దాటాక ఆయన, చేతిలో తుపాకీ అంత నిలకడగా ఎలా పట్టుకోగలిగావని అడిగాడు. నిండు కాఫీ కెటిలు దానికంటే బరువని ఆమె చెప్పింది.

ఫైరింజన్ షెడ్డులో గురువారం తరగతి ఇప్పటికీ జరుగుతోంది, కాఫీ మాత్రం ఆర్వల్ పోస్తున్నాడు.